పార్కిన్సన్ రోగికి ఎంత ఇబ్బంది? ఇంట్లోనే లెక్క రాయండి

మీ ఇంట్లో పెద్దవారికి పార్కిన్సన్ జబ్బు వుందా? ఊరికే కూర్చున్నప్పుడు చెయ్యి వణకటం, నడక నెమ్మదించటం, ఒళ్లు బిగుసుకోవటం, గొంతు తగ్గటం దీని లక్షణాలు. మన పెద్దలు కంపవాతం అనేవారు. మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించటంవల్ల ఈ లక్షణాలు కనిపిస్తాయి. లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ 1817లో దీన్ని వివరించాడు. ఆయన పేరే జబ్బుకు స్థిరపడింది.

రోగిని ఓ.పి.కి తీసుకొచ్చినవారు సాధారణంగా అడిగే ప్రశ్న, "ఎన్నో స్టేజీలో వుందండీ?" అని. 1967లో హోన్, యార్ అనే ఇద్దరు డాక్టర్లు అయిదు దశలు చెప్పారు. శరీరంలో ఒకవైపే లక్షణాలుంటే మొదటి దశ. రెండువైపులా వచ్చినా నిలకడ తప్పకపోతే రెండు. తూలుతున్నా తన పని తాను చేసుకోగలిగితే మూడు. చాలా ఇబ్బందిపడుతూ, అయినా సాయం లేకుండా లేచి నిలబడగలిగితే నాలుగు. మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైతే అయిదు.

అయితే దశ తెలిసినంతమాత్రాన రోగి బ్రతుకు ఎలా వుందో తెలియదు. ఇద్దరు మూడో దశలో వున్నారనుకోండి. ఒకరిది విజయవాడ వన్ టౌన్‌లో కొండమీది ఇల్లు. మెట్లు దిగితేగాని వీధిలోకి రాలేరు. కాళేశ్వరరావు మార్కెట్టు మొహం చూసి నెలలయింది. రెండో ఆయనది భవానీపురంలో కింది వాటా. గేటు తీస్తే రోడ్డు. రోజూ టీకొట్టుదాకా నడిచి, పేపరు చదివి వస్తారు. జబ్బు ఒకే దశ, బ్రతుకులో ఎంత తేడా!

అందుకే మరి రెండు కొలతలున్నాయి. ఒకటి స్వాబ్, ఇంగ్లండ్ అనే డాక్టర్లు చెప్పిన రోజువారీ పనుల కొలత. 100 శాతం అంటే అన్నీ సొంతంగా చేసుకుంటారు. 80 అంటే చాలా పనులు సొంతంగానే చేసుకుంటారుగాని రెట్టింపు సమయం పడుతుంది. 50 అంటే సగం పనులకు ఒకరి సాయం కావాలి. రెండోది 1995లో ఆక్స్‌ఫర్డ్‌లో తయారైన 39 ప్రశ్నల పట్టిక. నడక, పనులతోపాటు దిగులు, నలుగురిలో సిగ్గు, మాట, నొప్పుల గురించి కూడా రోగినే అడుగుతారు.

మీరు చేయవలసిందల్లా ఒక నోటు పుస్తకంలో వారంరోజులు ఇవి రాయటం:

1. స్నానానికి, చొక్కా బొత్తాలకు, అన్నం కలుపుకు తినటానికి ఎంతసేపు పట్టింది? ఎవరు సాయం చేశారు?
2. మందు ఎన్నింటికి వేసుకున్నారు? ఎన్నింటికి ఒళ్లు తేలికపడింది, ఎన్నింటికి మళ్లీ బిగుసుకుంది?
3. ఎన్నిసార్లు తూలారు, పడ్డారు?
4. నిద్ర, విరేచనం, నొప్పులు ఎలా వున్నాయి?
5. ఇష్టమైన ఏ పని మానేశారు? ఎందుకు?

చివరి ప్రశ్నకు జవాబు రోగినే చెప్పనివ్వండి. మాట నెమ్మదిగా వస్తుంది, మీరు అందుకుని పూర్తిచేయకండి. మీ కంటికి వణుకు కనిపిస్తుంది. ఆయన మనసులో "విస్తట్లో అన్నం ఒలికితే నవ్వుతారు, అందుకే పెళ్లిళ్లకు వెళ్లటం లేదు" అని వుండవచ్చు. ఈ జబ్బులో ముఖంలో భావం కనిపించదు కనుక దిగులు బయటపడదు. దిగులుకు వైద్యం వుంది. అది తగ్గితే వణుకు అలాగే వున్నా బ్రతుకు తేలికవుతుంది.

ఆ పుస్తకం మాకు చాలా పనికొస్తుంది. కొండమీది ఆయనకు మందు బాగా పనిచేసే వేళ తెలిస్తే, ఆ వేళకే మెట్లు దిగమని చెప్పవచ్చు. మెట్లపక్క పట్టుకోవటానికి ఇనప గొట్టం బిగించమనవచ్చు.

ఇంకొక మాట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్ జబ్బు కూడా చేరింది. సదరం సర్టిఫికెట్టులో వైకల్యం 40 శాతం, ఆపైన వుంటేనే చాలా సదుపాయాలు వర్తిస్తాయి. పైన చెప్పిన పనుల కొలతతో దీన్ని కలపకండి. అందులో అంకె పెరిగితే మంచిది, ఇందులో పెరిగితే వైకల్యం ఎక్కువని అర్థం. ఇక్కడ 40 రాలేదని ఇంట్లో ఆయన పడే కష్టాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

మందులు మీ అంతట మీరు పెంచవద్దు, హఠాత్తుగా ఆపనే ఆపవద్దు. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు చీటీతోపాటు ఆ పుస్తకం కూడా తీసుకెళ్లండి.