తుర్సూస్: పైచూపు పెట్టిన పేరు

అరబ్బు ఎడారులలో శీతకాలపు వానలు వెలిసిన పిమ్మట, ఉప్పునేలలలో ఒక విచిత్రమైన మొక్క ఇసుకను చీల్చుకొని పైకి వస్తుంది. దానికి ఆకులు లేవు, కొమ్మలు లేవు, పచ్చదనం అసలే లేదు. ముదురు ఎరుపు రంగులో, జానెడు ఎత్తున, చిన్న స్తంభంలా నిలబడుతుంది. దానిని అరబ్బులు ‘తుర్సూస్’ అంటారు. పత్రహరితం లేనందున అది స్వయంగా ఆహారం తయారు చేసుకోలేదు. ఇతర పొదల వేళ్లను అంటిపెట్టుకొని, వాటి సారంతో బ్రతుకుతుంది. ఎడారివాసులైన బదూలు లేత కాడల తోలు ఒలిచి తినేవారు. కరవు కాలంలో అది వారి ఆకలి తీర్చింది.

ఇదే మొక్క మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవులలోనూ ఉంది. అక్కడ దాని ఆకారాన్ని చూసి పుట్టగొడుగు అనుకున్నారు. ‘మాల్టా పుట్టగొడుగు’ అన్న పేరు ఐరోపా అంతటా వ్యాపించింది. రంగు నెత్తురును పోలి ఉన్నందున, నెత్తురు కారడాన్ని అరికట్టే ఔషధమని నమ్మారు. ఆ దీవులను ఏలిన క్రైస్తవ యోధులు, గోజో తీరాన అది పెరిగే రాతిదిబ్బపై ఇతరులెవరూ అడుగిడరాదని 1746లో శాసించి, కాపలా పెట్టారు.

నిజానికి అది పుట్టగొడుగు కానే కాదు. ఆ ఎర్రని కాడను దగ్గరగా పరిశీలిస్తే, దాని నిండా అతి సూక్ష్మమైన పువ్వులు కిక్కిరిసి ఉంటాయి. అది పూలు పూసే మొక్క! 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త దానికి ‘సైనోమోరియం కాక్సీనియం’ అని నామకరణం చేశారు. అయినా ఆ దిబ్బను నేటికీ ‘పుట్టగొడుగు బండ’ అనే పిలుస్తున్నారు. పైచూపుతో పెట్టిన పేరు, నిజం తెలిసిన తరువాత కూడా వదలలేదు.

మన ఇండ్లలోనూ ఇలాంటి పేర్లు ఉన్నాయి. పాఠం ఆలస్యంగా వచ్చే బాలుడు ‘మొద్దు’, ఎదురు ప్రశ్నించే బాలిక ‘మొండిది’. ఇంట్లో మొద్దు అనిపించుకునే పిల్లవాడు, పాఠం అప్పజెప్పేటప్పుడు తప్పు దొర్లకముందే ఆగిపోవడం మేము మద్రసాలో ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాము. ఒకరినొకరు చెడ్డ పేర్లతో పిలుచుకోరాదని దివ్యఖుర్ఆన్ హుజురాత్ సూరా 11వ ఆయత్‌లో ఆదేశించింది. ఆ ఆదేశం వీధికే కాదు, మన భోజనాల దస్తర్‌ఖాన్‌కూ వర్తిస్తుంది.

కనుక తల్లిదండ్రులారా, మీ పిల్లలకు అలవాటైన మారుపేర్లను ఒకసారి గుర్తు చేసుకోండి. బిడ్డను తలదించుకొనేలా చేసే పేరు అందులో ఉంటే, ఇంటి పెద్దలే ముందుగా దానిని మానాలి. అఖీఖా నాడు ప్రేమతో పెట్టిన పేరు ఉండనే ఉంది. ఆ పేరుతోనే పిలవండి.