కొన్నవాణ్నే అడగండి!

కొత్త బండి కొనాలనుకున్నవాళ్లు షోరూముకి వెళ్లేముందు ఓ పని చేస్తారు. ఆ బండి ఉన్న బంధువునో, ఆఫీసులో పక్కసీటాయన్నో పట్టుకుని ఆరా తీస్తారు. 'లీటరుకి ఎంతిస్తోంది? రిపేర్లేమైనా వచ్చాయా? మళ్లీ కొనాల్సొస్తే ఇదే కొంటావా?' సేల్స్‌మన్ గంటసేపు చెప్పినదానికన్నా ఆయన చెప్పే ఒక్క ముక్క మీదే వాళ్లకు గురి.

ఈ కిటుకుని నూరేళ్ల కిందటే పట్టేసిందో అమెరికన్ కంపెనీ. 'కొన్నవాణ్నే అడగండి' అన్న ఒక్క మాటతో యాభై ఏళ్లకు పైగా కార్లమ్మింది. కోటీశ్వరుల్నీ అధ్యక్షుల్నీ తన కార్లెక్కించింది. చివరికి ఆ మాటే దాని మెడకి చుట్టుకుంది. ఆ కారు పేరు... ప్యాకార్డ్.

కోపంలోంచి పుట్టింది

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో వారెన్ అనే చిన్న ఊరు. అక్కడ జేమ్స్ వార్డ్ ప్యాకార్డ్ అనే ఇంజినీరు అన్న విలియంతో కలిసి విద్యుత్ దీపాలూ పరికరాలూ తయారుచేసే కంపెనీ నడిపేవాడు. యంత్రాలంటే ప్రాణం. మోటారు కార్లు అప్పుడప్పుడే రోడ్డెక్కుతున్న రోజులవి. 1898లో క్లీవ్‌లాండ్ వెళ్లి వింటన్ కంపెనీ కారు కొన్నాడు. సొంత ఊరికి నడుపుకొస్తుంటే దారిలోనే మొరాయించింది. చివరికి గుర్రాల్ని కట్టి లాక్కురావాల్సి వచ్చిందని చెబుతారు. ఊళ్లోవాళ్లంతా చూస్తుండగా గుర్రాల వెనక కొత్త కారు... ఎంత నామోషీ!

ఆ తరవాతా కారు తీరు మారలేదు. ప్యాకార్డ్ నేరుగా యజమాని అలెగ్జాండర్ వింటన్ దగ్గరికెళ్లి లోపాలన్నీ ఏకరువు పెట్టాడు. ఎలా సరిచేయాలో కూడా చెప్పాడు. వింటన్‌కి ఒళ్లు మండింది. 'అంత తెలిసినవాడివి నువ్వే ఒకటి తయారుచేసుకోరాదూ' అన్నాడట. ప్యాకార్డ్ ఆ మాటను నిజంగానే పట్టుకున్నాడు. వింటన్ కంపెనీకి చెందిన ఇద్దర్ని తన వైపు తిప్పుకున్నాడు. 1899 నవంబరు 6న తొలి ప్యాకార్డ్ కారు వారెన్ వీధుల్లో పరుగు తీసింది.

అంటే ఆ కంపెనీకి మూలం వ్యాపార ఆలోచన కాదు. డబ్బుపెట్టి కొని, మోసపోయానని రగిలిపోయిన ఓ కొనుగోలుదారుడి కోపం!

మాట పుట్టిన వేళ

ఆ నినాదమూ అలా అనుకోకుండా పుట్టిందే. కారు వివరాలు పంపమంటూ ఓ పెద్దమనిషి ఉత్తరం రాశాడు. పంపడానికి కంపెనీ దగ్గర అచ్చేసిన కరపత్రం ఒక్కటీ లేదు. ఏం రాయమంటారని సెక్రటరీ అడిగితే 'కొన్నవాణ్నే అడగమను' అన్నాడట ప్యాకార్డ్. 1901లో ఆ మాట ప్రకటనలకెక్కింది. ఇక దిగలేదు.

ఆ ధీమాకి తగ్గట్టే ఉండేవి కార్లు. పడవ చుక్కానిలా కర్రపట్టుకుని బండి తిప్పే రోజుల్లో, గుండ్రటి స్టీరింగు చక్రాన్ని అమెరికాకి పరిచయం చేసిన తొలి కంపెనీల్లో ప్యాకార్డ్ ఒకటి. 1903లో ఓ ప్యాకార్డ్ కారు శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరి సరైన రోడ్లే లేని ఎడారుల్నీ కొండల్నీ దాటుకుని సుమారు రెండు నెలల్లో న్యూయార్క్ చేరింది.

హెన్రీ జాయ్ కథ మరీ విచిత్రం. డెట్రాయిట్‌కి చెందిన ఈ సంపన్నుడు 1901లో న్యూయార్క్ వెళ్లాడు. అక్కడ వీధిలో రెండు ప్యాకార్డ్ కార్లు ఆగివున్నాయి. అంతలో ఫైరింజన్ గంట మోగించుకుంటూ పోయింది. కార్ల వాళ్లు ఒక్కసారి హ్యాండిల్ తిప్పారో లేదో ఇంజన్లు అందుకున్నాయి. ఆ వెనకే తుర్రుమన్నాయి. చెమటలు కక్కుతూ పదిసార్లు తిప్పితేగానీ ఏ కారూ కదలని కాలంలో అది చిన్న సంగతి కాదు. జాయ్ ఓ ప్యాకార్డ్ కొన్నాడు. అంతగా నచ్చడంతో స్నేహితుల్ని కూడగట్టి కంపెనీలోనే పెట్టుబడి పెట్టాడు. 1903లో దాన్ని డెట్రాయిట్‌కి తరలించాడు. కొన్నవాడే యజమాని అయిపోయాడన్నమాట!

అక్కడ కొత్త ఫ్యాక్టరీ కట్టింది ఆల్బర్ట్ కాన్ అనే వాస్తుశిల్పి. 1905లో ఆయన కట్టిన పదో నంబరు భవనం డెట్రాయిట్ కార్ల పరిశ్రమకి కొత్త దారి చూపించింది. కాంక్రీటులో ఇనుప కడ్డీలు వేసి కట్టడంతో స్తంభాలు దూరదూరంగా నిలిచాయి, గోడల నిండా కిటికీలొచ్చాయి, పనివాళ్లకి వెలుతురొచ్చింది.

కారంటే ప్యాకార్డే

ఫోర్డ్ 'మోడల్ టి' నాలుగొందల డాలర్లకు కాస్త అటూ ఇటుగా దొరుకుతున్న 1916లో, పన్నెండు సిలిండర్ల ప్యాకార్డ్ 'ట్విన్ సిక్స్' కావాలంటే రెండున్నర వేల డాలర్లకు పైనే పెట్టాలి. అయినా ఎగబడి కొన్నారు. 1921లో అధ్యక్షుడు వారెన్ హార్డింగ్ ప్రమాణస్వీకారానికి ట్విన్ సిక్స్‌లోనే వెళ్లాడు. అలా కారులో వెళ్లిన తొలి అమెరికా అధ్యక్షుడు ఆయనే.

బాగా డబ్బున్నవాళ్లు ప్యాకార్డ్ దగ్గర ఇంజనూ చట్రం మాత్రమే తీసుకునేవారు. పైన బాడీని లెబారన్, డీట్రిచ్ లాంటి పేరున్న సంస్థలతో కట్టించుకునేవారు, పేరున్న దర్జీ దగ్గర సూటు కుట్టించుకున్నట్టు. ఇంకో సుఖమూ ఉండేది. కాడిని తలపించే రేడియేటర్, చక్రం మధ్యలో ఎర్రటి షడ్భుజి... ఏళ్లు గడిచినా ఆ గుర్తుల్ని కంపెనీ మార్చేది కాదు. కాబట్టి కొత్త మోడల్ వచ్చినంత మాత్రాన పాతది పాతబడిపోయేది కాదు. యజమాని పదేళ్ల తరవాతా దర్జాగా తిరిగేవాడు.

ప్యాకార్డ్ మాత్రం డెట్రాయిట్ వెళ్లలేదు. వారెన్‌లోనే ఉండిపోయి గడియారాలు పోగేశాడు. అందులోనూ అదే పట్టుదల. స్విట్జర్లాండ్‌లోని పటేక్ ఫిలిప్ సంస్థతో జేబు గడియారం చేయించుకున్నాడు. తన ఊరి మీద రాత్రిపూట కనిపించే ఆకాశాన్ని, అయిదొందల నక్షత్రాలతో సహా, అందులో పొదగమన్నాడు. 1927లో అది చేతికొచ్చింది. మరుసటి ఏడాది మార్చిలో ఆయన కన్నుమూశాడు.

వెయ్యి డాలర్ల లోపు

1929లో షేర్ల మార్కెట్ కుప్పకూలింది. ఖరీదైన కార్లు కొనేవాళ్లు కరవయ్యారు. కొనగలిగినవాళ్లు కూడా రొట్టెముక్క కోసం జనం వరసకట్టిన వీధుల్లో అంత కారులో తిరగడానికి జంకారు. ఒకప్పుడు ఏడాదికి నలభై వేలకు పైగా కార్లు అమ్మిన ప్యాకార్డ్, 1934 నాటికి పదివేలు కూడా అమ్మలేకపోయింది. పియర్స్-యారో, డ్యూసెన్‌బర్గ్ లాంటి ఘనమైన పేర్లన్నీ ఆ దశాబ్దంలోనే కనుమరుగయ్యాయి.

ప్యాకార్డ్ బతకాలనుకుంది. 1935 జనవరిలో 'వన్ ట్వంటీ' అనే కారు తెచ్చింది. ధర 980 డాలర్ల నుంచి మొదలు! ప్యాకార్డ్ అంటే రెండు వేల డాలర్ల పైమాటే అనుకునే జనానికి అది నమ్మలేని సంగతి. నిన్నటిదాకా అద్దాల్లోంచి చూసి నిట్టూర్చిన డాక్టర్లూ చిన్న వ్యాపారులూ వరసకట్టారు. కారు కూడా నాణ్యంగానే ఉంది. 1937లో ఆరు సిలిండర్లతో మరింత చవకైనదీ వచ్చింది. ఆ ఏడాది అమ్మకాలు లక్ష దాటాయి. కంపెనీ గట్టెక్కింది.

కానీ పాత యజమాని మాటేమిటి? ఇన్నాళ్లూ అతను కొన్నది కారొక్కటే కాదు, ఆ పేరు కూడా. ఇప్పుడు అదే పేరు, అదే రేడియేటర్, అదే ఎర్ర షడ్భుజి వీధికొకటి కనిపిస్తున్నాయి. పోటీదారు కాడిలాక్ ఇక్కడే తెలివిగా నడుచుకుంది. తక్కువ ధర కారుకి 'లాసాల్' అని వేరే పేరు పెట్టింది. అవసరం తీరాక 1940లో దాన్ని ఆపేసింది. కాడిలాక్ పేరుకి మచ్చపడలేదు. ప్యాకార్డ్ మాత్రం తన పేరునే చిల్లరగా మార్చి ఖర్చు పెట్టుకుంది. ఆ రోజు అంతకన్నా దారి లేకపోవచ్చు. ప్రాణం నిలిపిన మందే నెమ్మదిగా ఒంట్లో మరో జబ్బు పెట్టింది.

అలాగని ఇంజినీర్ల పదును తగ్గలేదు. కంపెనీయే ఏసీ సదుపాయంతో అమ్మిన తొలి కారు 1940 మోడల్ ప్యాకార్డే. అదనంగా 274 డాలర్లు. కాకపోతే డిక్కీలో సగం చోటు దానికే పోయేది. చలేస్తే మీట నొక్కి ఆపేయడం కుదరదు. కారు ఆపి, దిగి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి! రెండేళ్లు తిరక్కుండానే ఆ సదుపాయాన్ని ఎత్తేశారు. రెండో ప్రపంచయుద్ధంలో రోల్స్ రాయిస్ 'మెర్లిన్' విమాన ఇంజన్లను ప్యాకార్డ్ 55 వేలకు పైగా తయారుచేసింది. పేరుమోసిన మస్టాంగ్ యుద్ధవిమానాలు ఎగిరింది వాటితోనే.

అడిగితే ఏం చెప్పాడు?

యుద్ధం ముగిశాక జనం చేతిలో డబ్బుంది. ధనవంతులు మళ్లీ పెద్ద కార్ల కోసం చూస్తున్నారు. ఆ సమయంలో ప్యాకార్డ్ మధ్యతరగతి కార్ల మీదే దృష్టిపెట్టింది. 1948 మోడల్ ఉబ్బెత్తు ఆకారాన్ని చూసి 'నిండు చూలాలైన ఏనుగు' అని నవ్వుకున్నారు. తోకరెక్కలతో, కొత్త వి-8 ఇంజన్‌తో కాడిలాక్ దూసుకుపోయింది. 1952లో అధ్యక్షుడిగా వచ్చిన జేమ్స్ నాన్స్, చవక కార్లను 'క్లిప్పర్' పేరుతో విడదీయాలని పట్టుబట్టాడు. మంచి ఆలోచనే. ఇరవై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది.

దెబ్బ మీద దెబ్బ. ప్యాకార్డ్‌కి బాడీలు కట్టిచ్చే బ్రిగ్స్ కంపెనీని 1953 చివర్లో క్రిస్లర్ కొనేసింది. 1954లో స్టూడ్‌బేకర్‌తో కలిశాక గానీ దాని నష్టాల లోతు తెలియలేదు. సొంతంగా బాడీలు కట్టక తప్పని స్థితిలో, కార్ల బిగింపునంతా కానర్ అవెన్యూలోని ఇరుకు ప్లాంటులోకి హడావుడిగా మార్చారు.

విచిత్రమేమిటంటే, అక్కడినుంచి వచ్చిన 1955 మోడల్ ఎన్నో ఏళ్ల తరవాత ఇంజినీర్లు మనసుపెట్టి చేసిన కారు. కొత్త వి-8 ఇంజన్. ముందూ వెనకా చక్రాల్ని కలుపుతూ పొడవాటి కడ్డీలతో సస్పెన్షన్. వెనక ఎంత బరువేసినా కారు దానంతటదే సమంగా సర్దుకునేది. రైలు పట్టాల మీద పోనిచ్చినా ఒళ్లు కదిలేది కాదు. కానీ ఇరుకు ప్లాంటులో బిగింపులు సరిగ్గా కుదరలేదు. తలుపులు అతకలేదు. యాక్సిళ్లు, గేర్‌బాక్సులు మొరాయించాయి. కొత్త కారు కొన్నవాళ్లు షెడ్డు చుట్టూ తిరిగారు. వాళ్లని బంధువులూ స్నేహితులూ అడిగారు... 'ఎలా ఉంది?' అని. వాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పారు.

అంతే. 1956 మోడల్ అమ్మకాలు సగానికి సగం పడిపోయాయి. ఆ ఏడాది జూన్‌లో డెట్రాయిట్‌లో తయారీ ఆగిపోయింది. తరవాత రెండేళ్లూ ఇండియానా రాష్ట్రంలోని సౌత్‌బెండ్‌లో స్టూడ్‌బేకర్ కార్లకే మార్పులు చేసి ప్యాకార్డ్ పేరు తగిలించారు. జనం వాటిని 'ప్యాకార్డ్‌బేకర్' అని ఎగతాళి చేశారు. 1958తో ఆ పేరూ ఆగిపోయింది.

డెట్రాయిట్‌లోని ఆల్బర్ట్ కాన్ కట్టడాలు దశాబ్దాల పాటు కిటికీలు పగిలి, పైకప్పులు కూలి, పాడుబడ్డ పరిశ్రమకి గుర్తుగా నిలబడ్డాయి. 2022లో కూల్చివేత మొదలైంది. కార్లు మాత్రం పోలేదు. 1930ల నాటి ప్యాకార్డ్‌లను కన్నబిడ్డల్లా చూసుకునేవాళ్లు అమెరికాలో ఇప్పటికీ ఉన్నారు. వారెన్‌లో మ్యూజియం ఉంది. జేమ్స్ ప్యాకార్డ్ చదువుకున్న లీహై విశ్వవిద్యాలయానికి ఆయన ఇచ్చిన డబ్బుతో కట్టిన భవనంలో తొట్టతొలి ప్యాకార్డ్ కారుని భద్రంగా ఉంచారు.

గుర్రాలతో లాక్కొచ్చిన కారు మీద కోపంతో పుట్టిన బండి అది. తొంభై ఏళ్లు దాటిన ఆ తరం ప్యాకార్డ్ ఇవాళ నడపడానికి ఎలా ఉంటుందంటారా? అది మాత్రం... కొన్నవాణ్నే అడగాలి!