జనపదోద్ధ్వంసము – చరకుని పట్టికలో లేని బీజము

చరకసంహిత విమానస్థానములోని మూడవ అధ్యాయమును మన కళాశాలలలో పాఠముగా చెప్పుదురు. ఉపన్యాసములలో ఉదాహరించుట మాత్రము 2020 తరువాత మిక్కుటమైనది. మహామారులను గూర్చి సమస్తమును మనవారు ఏనాడో చెప్పి యుంచిరని సభలలో చప్పట్లు కొట్టించుకొనుచున్నాము. ఆ పని చేసినవారిలో నేనును ఒకడను. ఈ వయస్సున ఆ అధ్యాయమును మరల చదివినప్పుడు, అందున్న దానికంటె అందు లేనిదియే నన్నెక్కువగా ఆలోచింపజేసినది.

గ్రీష్మాంతమున, కాంపిల్యమందు, గంగాతీరమున ఆత్రేయ పునర్వసువునకును అగ్నివేశునకును నడచిన సంవాదమది. ప్రకృతియు, ఆహారమును, బలమును, వయస్సును వేరువేరుగా గల జనులు ఒకే కాలమున ఒకే వ్యాధిచే ఎట్లు నశింతురని శిష్యుని ప్రశ్న. వాయువు, జలము, దేశము, కాలము అను నాలుగును అందరికిని సమానములు కనుక, అవి చెడినచో అందరును పీడితులగుదురని గురువు సమాధానము. వీనిలో ముందరిదానికంటె వెనుకటిది తప్పించుకొన శక్యము కానిది. కాలము అన్నింటికంటె గురుతరము.

ఈ మాటలోని బలమును తక్కువ చేయరాదు. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే దోమ ఉదరమున మలేరియా పరాన్నజీవిని చూచినాడు. ఆ పరాన్నజీవులలో ఫాల్సిపారమను జాతి దోమలో ఎదుగుటకు తగిన వేడి కావలెను. ఉష్ణోగ్రత సుమారు 18 డిగ్రీలకు తగ్గినచో దాని వృద్ధి నిలిచిపోవును. దోమ యున్నను, రోగి యున్నను, కాలము అనుకూలింపనిదే వ్యాధి సాగదు.

అయినను ఒక సందేహము. ఈ నాలుగును కలిసి ఒక జనపదము ఏల చెడునో చెప్పగలవు గాని, వ్యాధి ఒక జనపదము నుండి మరియొకదానికి ఎట్లు పోవునో చెప్పజాలవు. సుశ్రుతుడు శారీరస్థానమున గర్భోత్పత్తిని చెప్పుచు అంకురమును ఉపమానముగా తెచ్చి, ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము అను నాలుగింటిని పేర్కొనినాడు. ఈ రెండు పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. కాలము ఋతువునకును, దేశము క్షేత్రమునకును, జలము అంబువునకును సరిపోవును. చరకుని వైపున వాయువు మిగులును. సుశ్రుతుని వైపున బీజము మిగులును. వ్యాధికి బీజమేది? దానిని మోయువాడెవడు?

ఆ సుశ్రుతుడే నిదానస్థానమున కుష్ఠము, జ్వరము, శోషము, నేత్రాభిష్యందము మొదలైనవి నరుని నుండి నరునకు సంక్రమించునని చెప్పి, స్పర్శ, నిశ్శ్వాసము, సహభోజనము, ఒకే శయ్య, ఒకే ఆసనము, ఒరులు ధరించిన వస్త్రమాల్యములు అను మార్గములను లెక్కించినాడు. సూక్ష్మజీవి ఆయనకు తెలిసినదని నేననను. మోయువాడు మనుష్యుడేనని మాత్రము తెలిసినది. నా బాల్యమున మశూచి సోకిన యింటి గుమ్మమునకు వేపమండలు కట్టి, ఆ గడపను ఇతరులు దాటకుండ చూచెడివారు. గ్రంథమెరుగని మా గ్రామము ఆచరణలో సుశ్రుతుని పక్షముననే యుండెను.

చిక్కెక్కడ వచ్చుననగా, చికిత్స యొద్ద. క్షేమకరములైన జనపదములను ఆశ్రయింపుమని చరకుడును, స్థానపరిత్యాగము చేయుమని సుశ్రుతుడును చెప్పిరి. కొలదిమంది కాలినడకన పోవు దినములలో ఈ ఉపదేశము పనిచేసి యుండవచ్చును. రోగమున్నవాడు దారిలోనే బయటపడును. జనసమ్మర్దమైనచో నడకయు రక్షింపదు. 1867 హరిద్వార కుంభమేళా నుండి మరలిన యాత్రికులతో కలరా పంజాబు మీదుగా వాయవ్యమునకు ప్రాకినది. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టగా, కొలది నెలలలో నగరజనులలో దాదాపు సగము మంది స్థానపరిత్యాగము చేసిరి. రైళ్లును ఓడలును వారితోబాటు వ్యాధిని ఇతర పట్టణములకు చేర్చినవి. 1994 సెప్టెంబరులో సూరతు నుండి లక్షలాది జనులు అట్లే తరలిపోయిరి. ఆనాటికి టెట్రాసైక్లిన్ వంటి ఔషధములు చేతనుండెను కనుక బొంబాయి కథ పునరావృతము కాలేదు. నేడు విమానమెక్కినవాడు, తనలోని వ్యాధి బయటపడుటకు పూర్వమే సముద్రములు దాటి దిగుచున్నాడు. ఒకనాటి ఔషధమే నేడు అపథ్యమైనది. ఈ అధ్యాయమును బోధించువారు విద్యార్థికి ఈ మాట చెప్పకుండుట దోషమని నా అభిప్రాయము.

ఇక కాలము. చరకునకు అది దుష్పరిహారము, ఎవరి చేతిలోను లేనిది. మన దినములలో ఋతువులు వేడెక్కుట మనుష్యుడు కాల్చిన బొగ్గు, నూనెల వలననే. పర్వతముల చల్లదనము దోమకు ఆనకట్టయని నమ్మియుండగా, సుమారు 1,300 మీటర్ల ఎత్తున నున్న కాఠ్మాండూ లోయలో 2022లో డెంగీ విజృంభించినది. బీజమును మోసినది ప్రయాణికుడు. మొలకెత్తుటకు తోడ్పడినది మారిన కాలము. ఈ రెండును నేడు మనుష్యకృతములే.

ఇచ్చట చరకుని మరియొక మాట గుర్తుకు వచ్చును. వాయ్వాదుల వైగుణ్యమునకు మూలము అధర్మమనియు, దానికి మూలము ప్రజ్ఞాపరాధమనియు ఆయన చెప్పినాడు. అయితే ఆ అధర్మము ఎవరియొద్ద మొదలగును? దేశ నగర జనపదముల ప్రధానులు ధర్మమును దాటి ప్రజలను నడపుటతో మొదలగునని స్పష్టముగా ఉన్నది. ఆ భాగమును విడిచి, అధర్మమను పదమొక్కదానిని పట్టుకొని, 2020 వేసవిలో కాలినడకన స్వగ్రామములకు పోయిన కూలీలను దోషులుగా చూపిన ఉపన్యాసమొకటి నేను విన్నాను. సభామర్యాద కొరకు ఆనాడు లేచి మాటాడనైతిని. మూలమున అట్లు లేదు.