పాత తుపాకికి ఏ మరమ్మతు ముందు?

నారపల్లి చుట్టుప్రక్కల పొలములు నేఁడు చాలవఱకు ఇండ్లస్థలము లైనవి. అయినను సేద్యము విడువని కుటుంబములలో, పంటకాపుకై తాతలనాఁడు లైసెన్సు పొందిన తుపాకి యొకటి యక్కడక్కడ మిగిలియుండును. దానికి మరమ్మతు తలపెట్టినవారు మొదట కోరునది కొయ్యకు మెఱుఁగు, గొట్టమునకు నలుపు. చేతిలో సొమ్ము కొద్దిగా నున్నప్పుడు ఈ వరుస తలక్రిందులని మా యభిప్రాయము. మెఱుఁగుపనికి సంఘము అప్పీయరాదని కూడ మేము చెప్పుదుము.

మొదటి రూపాయి గొట్టమును పరీక్షించుటకే పోవలెను. పైత్రుప్పు తుడిచినఁ బోవును. లోత్రుప్పు ఇనుమును తిని గుంటలు చేయును. ఎక్కడనైన ఉబ్బు గాని బీట గాని కనఁబడెనా, ఆ తుపాకిపై మఱి యొక కాసు వేయరాదు. గొట్టము పగిలినచో పోవునది పంది కాదు, పట్టినవాని యెడమచేయి. దానిని లైసెన్సుగల వర్తకునొద్దనో ఠాణాలోనో అప్పగించుటయే మేలు.

లోన మందున్నదో లేదో తెలియక పరీక్షకు పూనుకొనరాదు. నోటినుండి మందు కూరెడు తుపాకియైనచో, నోటికి ఎదురుగా నిలువక, గజమును లోనికి దింపి, నోటియొద్ద గుర్తు పెట్టి, వెలికిఁ దీసి గొట్టము ప్రక్క నానించి చూడుఁడు. కొన అడుగువఱకు చేరకున్నచో లోన నేదో యున్నది. దానిని పనివానికే వదలవలెను.

గొట్టము బాగున్నచో రెండవ వంతు గుఱ్ఱమునకు. సగమెత్తి నిలిపిన గుఱ్ఱము మీట నొక్కినను పడరాదు. పడెనా, లోని పన్ను అరిగినదన్నమాట. అట్టి తుపాకి గట్టుమీఁద కాలు జాఱినను ప్రేలును. తరువాత కొయ్య. చేతితో పట్టు సన్నని చోట చీలికయున్న బాగుచేయింపవలెను. గీఁతలు గీఁతలుగనే యుండనిండు. రైఫిలు గలవారు గుఱి తప్పుచున్నదని క్రొత్త గొట్టమునకై తొందరపడుదురు. దాని గుండు చాల దూరము పోవును. చుట్టును ఇండ్లు లేచిన చోట దానిని పేల్చుటయే మాకు సమ్మతము కాదు.

మన కమ్మరి పనితనము మేము ఎఱుఁగనిది కాదు. కాని 1959వ సంవత్సరపు ఆయుధచట్టము 5వ విభాగము ప్రకారము లైసెన్సు లేనివాఁడు తుపాకి మరమ్మతు చేయరాదు. అట్లే 1972వ సంవత్సరపు వన్యప్రాణి రక్షణచట్టము ననుసరించి అనుమతి లేక అడవిపందిని చంపరాదు. కావున గొట్టము చెడినవారు ఆ సొమ్ముతో యాసంగి వేరుసెనగ చుట్టు నాలుగు వరుసలు కుసుమ విత్తి చూతురుగాక. ముండ్లు పందికి, గింజలు మనకు.

తుపాకి నిలుపుకొనువారు నల్లమందు పేల్చిన దినముననే గొట్టమును వేఁడినీటఁ గడిగి, తుడిచి, ఆరనిచ్చి, నూనె పూయవలెను. ఆ మసి గాలిలోని తడిని పీల్చి రాత్రికి రాత్రి త్రుప్పు పట్టించును.