వల పోతే పోనీ, కేబుల్‌ను లాగొద్దు

విశాఖ నీళ్లలోకి సముద్రగర్భ ఇంటర్నెట్ కేబుళ్లు రాబోతున్నాయి. 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన 1,500 కోట్ల డాలర్ల ప్రాజెక్టులో డేటా సెంటర్లతోపాటు అవీ ఉన్నాయి. భూముల ధరల మీద నడిచే చర్చలో పదోవంతైనా మరబోట్ల జెట్టీ మీద జరగాలి. అదీ ఇప్పుడే.

ప్రపంచమంతటా ఏడాదికి 150 నుంచి 200 సార్లు ఇలాంటి కేబుళ్లు దెబ్బతింటున్నాయి. సొరచేపలు కొరుకుతాయన్న కథ వినడానికి బాగుంటుంది గానీ, నూటికి డెబ్బై ఎనభై సార్లు కారణం వలలూ లంగర్లే. 2024లో క్షిపణి దెబ్బ తిని కొట్టుకుపోయిన రూబీమార్ అనే సరుకు నౌక లంగరే ఎర్రసముద్రంలో మూడు కేబుళ్లను తెంపిందని అంచనా. వాటిని బాగుచేయడానికి నెలలు పట్టింది.

సరంగులూ కళాసీలూ వినాల్సింది ఇది. నడిసముద్రంలో ఆ కేబుల్ మొక్కలకు నీళ్లు పట్టే గొట్టమంత లావే. ఒడ్డు దగ్గర ఉక్కు తీగలు చుట్టి ఇసుకలో పూడుస్తారు. ఇసుక జరిగితే బయటపడుతుంది. లోపల గాజు పోగులతోపాటు వేల వోల్టుల కరెంటు ఉండొచ్చు. వల తగులుకున్నాక వించితో లాగితే బోటే తిరగబడొచ్చు. కేబుల్‌ను కోయబోతే ప్రాణమే పోవచ్చు. ఇంజను తగ్గించండి. జీపీఎస్‌లో చోటు గుర్తుపెట్టుకోండి. వలను తాళ్ల దగ్గర కోసి వదిలేయండి. ప్రాణం మీదికొస్తే కోస్ట్‌గార్డ్ నంబరు 1554.

అప్పు చేసి కొన్న వలను వదిలేయమనడం ఒడ్డున కూర్చున్నవాళ్లకు తేలికే. ఆ సంగతి చట్టానికీ తెలుసు. కేబుల్‌కు దెబ్బ తగలకుండా వలనో లంగరునో వదులుకున్నవారికి కేబుల్ యజమాని పరిహారం ఇవ్వాలని 1884 నాటి పారిస్ ఒప్పందమే చెప్పింది. భారత్ 1995లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టంలోని 115వ అధికరణం మాటా అదే. కాకపోతే ఒక మెలిక: బోటు వాళ్లు ముందుగా తగిన జాగ్రత్తలు తీసుకుని ఉండాలి. కేబుల్ ఎక్కడుందో తెలియనివాడు ఏం జాగ్రత్త తీసుకుంటాడు, ఏమని రుజువు చేస్తాడు?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోట్లన్నీ రేవులోనే ఉంటాయి. మత్స్యశాఖా కేబుల్ కంపెనీలూ ఆ రెండు నెలల్లో కేబుల్ దారిని ప్రతి బోటు జీపీఎస్‌లోకి ఎక్కించాలి, తెలుగులో పటం ఇవ్వాలి. వల పోతే ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఎన్నాళ్లలో డబ్బు చేతికొస్తుందో కాగితం మీద రాసివ్వాలి. ఇవేవీ జరగకుండా మొదటి కేబుల్‌ను ఒడ్డుకు చేర్చడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వకూడదు.