ఆట కూడు పెడుతుందా? పెడుతుంది, చేతిలో కాగితం ఉంటే!

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఈ మూడు ఊళ్లలో ఏ కాలేజీ గ్రౌండ్‌కి వెళ్లినా సాయంత్రం పూట బాగా ఆడే అబ్బాయిలు, అమ్మాయిలు కనిపిస్తారు. ఫైనలియర్‌కి వచ్చేసరికి వాళ్లలో చాలామంది షూ అటక మీద పడేస్తారు. ఒకరు కోచింగ్ సెంటర్‌కి, ఇంకొకరు బెంగళూరు బస్సుకి. కారణం మీకు తెలిసిందే. 'ఆటలు కూడు పెడతాయా?' అని ఇంట్లో అడుగుతారు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. మన దగ్గర జవాబు సిద్ధంగా లేకపోవడమే అసలు సమస్య.

ఆ జవాబు కోసం యూరప్ వైపు చూస్తే లాభం లేదు. ఇటలీ మిడ్‌ఫీల్డర్ ఆంద్రెయా పిర్లో 1995లో, 16 ఏళ్లకే బ్రెషా క్లబ్ తరఫున అక్కడి అగ్రశ్రేణి లీగ్‌లో ఆడాడు. 2006లో ప్రపంచకప్ గెలిచాడు. 2017లో, 38 ఏళ్లకు రిటైరయ్యాడు. ఇరవై రెండేళ్లు ఆటే అతని ఉద్యోగం. మరి మన దగ్గర? హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. రెండేళ్లు తిరక్కుండానే జీతాల సమస్యతో ఆటగాళ్లు ఒక్కొక్కరే బయటికి వెళ్లిపోయారు. ప్రొఫెషనల్ ఆట ఒక్కదాన్నే నమ్ముకోమని ఏ ఇంట్లో చెప్పగలం?

మనం చూడాల్సింది తులసీదాస్ బలరాం వైపు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో 1936లో ఓ పేద ఇంట్లో పుట్టారు. కోచ్ రహీం కంట్లో పడ్డారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన భారత జట్టులో ఆయన ఉన్నారు. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టులోనూ ఆడారు. అర్జున అవార్డు వచ్చింది.

ఆ మరుసటి ఏడాదే, 27 ఏళ్ల వయసులో, ఊపిరితిత్తుల జబ్బు ఆయన ఆటని ఆపేసింది. ఒక్కసారి ఆలోచించండి. మీలో కొందరికి నాలుగైదేళ్లలో వచ్చే వయసది. ఆ వయసుకే మైదానం తలుపు మూసుకుపోయింది. ఆయన్ని నిలబెట్టింది రైల్వే ఉద్యోగం. పద్మ పురస్కారం రాలేదు, ఆ బాధ ఆయనకి చివరిదాకా ఉండేది. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. పేరు తేలేకపోయింది ఆయన జీతం తెచ్చింది.

ఆ తరంలో ఇది ఒక్కరి కథ కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. జట్టు పేరులోనే ఉంది చూడండి, వాళ్లకి ఆటా ఉద్యోగం రెండూ ఒకేచోట దొరికాయి. 'ఆటా? ఉద్యోగమా?' అని ఎవరూ తేల్చుకోవాల్సిన పని పడలేదు.

ఆ దారి ఇప్పటికీ మూసుకుపోలేదు. దాని పేరే స్పోర్ట్స్ కోటా. రైల్వే, తపాలా శాఖ, ఆదాయపు పన్ను శాఖ, కేంద్ర బలగాలు క్రీడాకారుల్ని తీసుకుంటాయి. మన రాష్ట్రం ప్రభుత్వ నియామకాల్లో ఈ కోటాని 2 నుంచి 3 శాతానికి పెంచింది. ఫుట్‌బాల్ ఒక్కటే కాదు, మన పల్లెల్లో ఆడే కబడ్డీ, ఖోఖో, వాలీబాల్‌కీ చోటుంది.

అయితే ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. ఊళ్లో టెన్నిస్ బాల్ టోర్నీలో గెలిచిన కప్పు షోకేస్‌లో బాగుంటుంది, దరఖాస్తులో పనికిరాదు. కేంద్ర ఉద్యోగాలకి గుర్తింపు ఉన్న పోటీ, నిర్ణీత ఫారంలో సర్టిఫికెట్ కావాలి. కాలేజీ వాళ్లకి దగ్గరి మెట్టు ఇంటర్ యూనివర్సిటీ పోటీలు. మీది ఎస్వీయూ కావచ్చు, జేఎన్‌టీయూ అనంతపురం కావచ్చు, ద్రవిడ విశ్వవిద్యాలయం కావచ్చు. యూనివర్సిటీ జట్టు సెలెక్షన్స్ ఎప్పుడో ఫస్టియర్‌లోనే మీ పీడీ సార్‌ని అడగండి. ఫైనలియర్‌లో అడిగితే బస్సు వెళ్లిపోయాక స్టాండ్‌కి వచ్చినట్టే.

ఇంకో మూడు మాటలు. ఒకటి, డిగ్రీ వదలొద్దు. కోటాలోనూ చదువు అర్హత అడుగుతారు. రెండు, ఎప్పుడో ఆడిన ఆట చాలదు. రైల్వే లాంటి చోట్ల ఇటీవలి ఏళ్ల ప్రతిభనే లెక్కిస్తారు, పైగా ట్రయల్స్ ఉంటాయి. నోటిఫికేషన్‌లో తేదీలు జాగ్రత్తగా చదవండి. మూడు, డబ్బులిస్తే సర్టిఫికెట్ తెస్తామనే బ్రోకర్ల గడప తొక్కకండి. తనిఖీలో దొరికితే ఉద్యోగమే కాదు, కేసు కూడా మెడకి చుట్టుకుంటుంది.

ఇక చేదు మాట ఒకటి. సెకండియర్ ముగిసేసరికి యూనివర్సిటీ జట్టు దరిదాపుల్లోకి కూడా రాకపోతే, స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకోకండి. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. సాయంత్రం ఆడండి, పొద్దున పరీక్షకి చదవండి. కోచింగ్ లైసెన్సు, రిఫరీ శిక్షణ, బీపీఈడీ లాంటి దారులూ ఉన్నాయి.

కానీ నిజంగా ఆట ఉన్నవాళ్లు మాత్రం ఇంట్లో ఆ ప్రశ్న వేసినప్పుడు తలదించుకోవద్దు. అమ్మా నాన్నల ముందు యూనివర్సిటీ సర్టిఫికెట్, మార్కుల జాబితా, నోటిఫికేషన్ మూడూ పెట్టండి. వాళ్లకి భయం ఆట మీద కాదు, రేపటి మీద. ఆ రేపటికి మీ దగ్గర లెక్క ఉందని తెలిస్తే షూ అటక మీదికి ఎక్కదు.