పాత ట్రాక్టరుకు చిక్కటి ఆయిలు మందు కాదు

తొలకరి పడిన తర్వాత ఎర్రనేలల్లో విత్తనానికి దొరికే పదును రెండు మూడు రోజులే. ఆ రోజుల్లో ట్రాక్టరు షెడ్డులో ఉంటే రైతుకు వేరుశనగ అదను తప్పినట్లే. సొంత పొలంతోపాటు పదిమందికి బాడుగకు దున్నేవారికైతే కంతు కట్టుకునే రాబడి కూడా అక్కడే పోతుంది. అందుకే అనంతపురం జిల్లా పల్లెల్లో వేసవి చివర పాత ట్రాక్టర్లను మెకానిక్కు దగ్గరకు తోలడం మామూలు. ఇంజను శబ్దం మారిందని రైతు అంటాడు. కాస్త చిక్కటి ఆయిలు పోస్తే సరిపోతుందని ఒకరు చెబుతారు. ఇంజను విప్పాల్సిందేనని మరొకరు చెబుతారు. ఈ రెండు సలహాల్లో ఏదో ఒకటి సరైనదే కావచ్చు. కానీ ఆ చప్పుడు ఏమిటో తేల్చకుండా ఇస్తే రెండూ తప్పే.

చప్పుడు చేసే ప్రతి ఇంజనూ చెడిపోయినది కాదు. చప్పుడు తగ్గిన ప్రతి ఇంజనూ బాగుపడినదీ కాదు. ఈ రెండు విషయాలు తెలియకపోవడం వల్ల కొందరు బాగున్న ఇంజనును విప్పించి వేలు పోసుకుంటున్నారు. ఇంకొందరు చెడుతున్న ఇంజనుకు చిక్కటి ఆయిలు పోసి, సరిగ్గా విత్తనాల వేళ పొలం మధ్యలో నిలిచిపోతున్నారు.

ఏది సహజం?

డీజిలు ఇంజనులో పెట్రోలు ఇంజనులో మాదిరి నిప్పురవ్వ ఉండదు. సిలిండరులో గాలి గట్టిగా నొక్కుకుపోయి వేడెక్కుతుంది. అందులోకి చిమ్మిన డీజిలు దానంతట అదే అంటుకుంటుంది. అలా ఒక్కసారిగా అంటుకునేటప్పుడు వచ్చేదే టకటకమనే శబ్దం. ఇంజను చల్లగా ఉన్నప్పుడు డీజిలు అంటుకోవడం రవ్వంత ఆలస్యమవుతుంది. అందుకే పొద్దున్నే ఈ శబ్దం గట్టిగా ఉంటుంది. ఇంజను వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. అరిగిన పిస్టను సిలిండరు గోడను తట్టే శబ్దం కూడా చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ. వేడికి పిస్టను కొంచెం వ్యాకోచించి సందు తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది. పాతికేళ్లు పనిచేసిన ఇంజనులో ఈ మాత్రం శబ్దం ఉండటం వింత కాదు. అది పెరగకుండా ఉన్నంతవరకు బండిని పనిలో పెట్టుకోవచ్చు.

ఇంజను పైమూత కింది నుంచి వచ్చే సన్నటి టిక్కుటిక్కు టాపెట్లది. వాల్వుకూ రాకరుకూ మధ్య కొంత సందు ఉండాలని కంపెనీలే నిర్ణయించాయి. చాలా పాత ట్రాక్టర్లలో ఇది మిల్లీమీటరులో పావువంతు నుంచి మూడోవంతు దాకా ఉంటుంది. కచ్చితమైన కొలత ఆ మోడలు పుస్తకంలో చూసుకోవాలి. శబ్దం వినిపించకూడదని టాపెట్లను మరీ బిగిస్తే వేడికి వాల్వు కాండం పొడవు పెరిగి వాల్వు పూర్తిగా మూసుకోదు. మంట ఆ సందులోంచి పోయి వాల్వు అంచు కాలిపోతుంది. ఇక్కడ చప్పుడు లేకపోవడమే ప్రమాదం. ఫీలరు గేజి పెట్టి కొలవకుండా, చెవితోనే టాపెట్లు సవరించే పద్ధతిని రైతులు ఒప్పుకోకూడదు.

ఏది ప్రమాదం?

ఇంజను అడుగుభాగం నుంచి సుత్తితో కొట్టినట్లు బరువైన దెబ్బ వినిపిస్తే వెంటనే ఆపాలి. ఇంజను వేడెక్కాక, నాగలి లోతుగా దిగి బరువు పడినప్పుడు ఆ దెబ్బ పెరుగుతుంటే కనెక్టింగు రాడ్డు బేరింగులు అరిగాయన్న అనుమానం బలపడుతుంది. దానితోపాటు ఆయిలు ప్రెషరు ముల్లు పడిపోతే అనుమానానికి చోటు తక్కువ. అలాంటి బండిని ఇంకొక్క చాలు అంటూ తోలితే రాడ్డు తెగి బ్లాకునే పగలగొట్టవచ్చు. బేరింగుల ఖర్చుతో పోయేది ఇంజను ఖర్చు అవుతుంది.

ఒకే సిలిండరు నుంచి పదునైన దెబ్బ, దానితో నల్లపొగ కలిసి వస్తే ముందు ఇంజెక్టరును పరీక్ష చేయించాలి. ఇంజను విప్పనక్కరలేకుండానే ఇది తేలుతుంది. మెకానిక్కులు ఒక్కొక్క ఇంజెక్టరు పైపు నట్టు వదులు చేసి, ఏ సిలిండరు ఆపితే శబ్దం పోతోందో కనిపెడతారు. ఇది అనుభవం ఉన్నవారే చేయాలి. అక్కడ చిమ్మే డీజిలు ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. అలా పోయినప్పుడు గాయం చిన్నదిగా కనిపించినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

షెడ్డుకు పోయేముందు రైతు మూడు సంగతులు గమనించుకుంటే చాలు. చప్పుడు చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? పైనుంచా, అడుగు నుంచా? ఏళ్లుగా ఉన్నదా, ఈ వారం మొదలైందా? వీటికి జవాబు చెప్పగలిగిన రైతును మభ్యపెట్టడం ఎవరికైనా కష్టం.

చిక్కటి ఆయిలుతో చిక్కులు

ఇంజను పాతబడితే సందులు పెరుగుతాయి, సందులు పెరిగితే చిక్కటి ఆయిలు కావాలి అన్నది షెడ్లలో వినిపించే వాదన. ఇందులో కొంత నిజం లేకపోలేదు. వేసవి ఎండకు, అరిగిన ఇంజనుకు ఒక మెట్టు చిక్కటి ఆయిలును కొన్ని మోడళ్ల పుస్తకాలే అనుమతిస్తాయి. దాన్ని మించిపోవడమే తప్పు. చిక్కటి ఆయిలు పోయగానే ప్రెషరు ముల్లు పైకి లేస్తుంది, దెబ్బ కొంత మెత్తబడుతుంది. అరిగిన బేరింగు మాత్రం అలాగే ఉంటుంది. జ్వరం తగ్గలేదు, థర్మామీటరును మార్చారంతే.

పైగా చల్లటి పొద్దున ఇంజను వేసినప్పుడు చిక్కటి ఆయిలు పైనున్న రాకర్ల దాకా చేరడానికి ఎక్కువసేపు పడుతుంది. ఇంజను ఎక్కువగా అరిగేది అలా మొదలుపెట్టిన కొద్ది క్షణాల్లోనే. ముల్లు ప్రెషరు చూపినంత మాత్రాన ఆయిలు అన్ని చోట్లకూ పారుతున్నట్లు కాదు. చిక్కదనం వల్ల నడక ఆగినా ముల్లు పైకే లేస్తుంది.

గేరు ఆయిలు కలపడం ఇంకా పెద్ద పొరపాటు. 90 నంబరు గేరు ఆయిలు 40 నంబరు ఇంజను ఆయిలుకన్నా రెట్టింపు చిక్కన అని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. గేరు ఆయిలు నంబర్ల కొలమానమే వేరు. 90 గేరు ఆయిలు చిక్కదనం దాదాపు 40, 50 నంబర్ల ఇంజను ఆయిళ్ల మధ్యే ఉంటుంది. మసిని పట్టి ఉంచి, ఇంజనును శుభ్రంగా పెట్టే మందులు మాత్రం అందులో ఉండవు. అంటే చిక్కదనమూ పెద్దగా కలిసిరాదు, ఉన్న గుణమూ చెడుతుంది.

ఖరీదు ఎక్కువైతే మంచిదన్నది మరో భ్రమ. కొత్త కార్ల కోసం తయారైన 5డబ్ల్యూ-30 వంటి పలుచటి ఆయిలు ఎంత ఖరీదైనా పాత ట్రాక్టరుకు తగినది కాదు.

డబ్బా మీద ఏం చూడాలి?

డబ్బా మీద రెండు గుర్తులు ముఖ్యం. ఎస్‌ఏఈ అన్న మాట పక్కన 15డబ్ల్యూ-40 అనో, 20డబ్ల్యూ-40 అనో ఉంటుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిలు ఎలా పారుతుందో చెబుతుంది. తర్వాతి అంకె 100 డిగ్రీల వేడిలో దాని చిక్కదనాన్ని తెలుపుతుంది. రెండో గుర్తు ఏపీఐ పక్కన ఉండే అక్షరాలు. సీ అక్షరంతో మొదలయ్యేవి డీజిలు ఇంజన్లకు, ఎస్‌తో మొదలయ్యేవి పెట్రోలు ఇంజన్లకు. సీఎఫ్, సీహెచ్-4, సీఐ-4 అన్నవి డీజిలు రకాలు. పుస్తకంలో చెప్పిన రకం, చెప్పిన నంబరు ఉంటే చాలు. సీలు ఊడని డబ్బా కొనాలి, బిల్లు అడగాలి.

పోసిన కొద్ది గంటలకే ఆయిలు నల్లబడిందని కంగారు పడనక్కరలేదు. మసిని తనలో కలుపుకోవడం దాని పనే. భయపడాల్సింది వేరే వాటికి. గేజి పుల్ల మీద ఆయిలు పాలలా తెల్లబారితే నీళ్లు కలుస్తున్నాయి. మట్టం పెరిగి డీజిలు వాసన కొడితే ఇంధనం కారుతోంది. వేళ్ల మధ్య రాస్తే గరుకు తగిలితే దుమ్ముగానీ లోహపు పొడిగానీ చేరింది. నూర్పిళ్ల దుమ్ములో పనిచేసే బండికి గాలి వడపోత గిన్నెను రోజూ విప్పి కడగాలి. గుర్తుదాకా శుభ్రమైన ఆయిలు పోయాలి. ఎంత మంచి ఇంజను ఆయిలైనా అక్కడి నుంచి దూరిన దుమ్మును ఆపలేదు.

బండి కొనేవారికి

ఈ చిక్కటి ఆయిలు అసలు రంగు బయటపడేది పాత బండ్ల బేరంలో. అమ్మేవారు ముందే ఇంజను వేడెక్కించి, చిక్కటి ఆయిలు పోసి ఉంచితే దెబ్బ వినిపించదు. కొన్న పదిహేను రోజులకు మొదలవుతుంది. అప్పటికి డబ్బు చేతులు మారిపోయి ఉంటుంది. కనుక కొనేవారు పొద్దున్నే, బానెట్టు మీద చేయిపెట్టి చల్లగా ఉందని చూసుకున్నాకే ఇంజను వేయించాలి. వేడెక్కేదాకా ఉండి మళ్లీ వినాలి. నాగలి కట్టి ఒక చాలు దున్నించి మూడోసారి వినాలి. దీనికి ఒప్పుకోని వారి దగ్గర బండి కొనకపోవడమే మేలు.

ఈ విద్య నేర్పేచోటు జిల్లాలోనే ఉంది. వ్యవసాయ యంత్రాల పరీక్షకు, శిక్షణకు కేంద్ర ప్రభుత్వం 1983లో నెలకొల్పిన సంస్థ గార్లదిన్నెలో పనిచేస్తోంది. ట్రాక్టరు నడపడం, సంరక్షణ అక్కడ నేర్పుతారు. అయితే పనులు వదులుకుని అంతదూరం పోయి ఉండగలిగే రైతులు అందరూ కారు. వేసవిలో రెండు రోజులు మండల కేంద్రాలకే బండ్లు పిలిపించి, చల్లటి ఇంజను శబ్దం, వేడి ఇంజను శబ్దం రైతులకు, పల్లె మెకానిక్కులకు పక్కపక్కనే వినిపించే ఏర్పాటు చేయాలి. వ్యవసాయ శాఖ తలచుకుంటే ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. విత్తనాలు, ఎరువులు అదనుకు అందించడం ఎంత అవసరమో, విత్తే బండి అదనుకు కదలడమూ అంతే అవసరం.